రఘును నేనే బస్సెక్కించాను

ఈ రోజు మెదక్‌లో తెలంగాణ బంద్. అయినా మా వీధి చివర కిరాయి పుస్తకాల షాపు షట్టర్ సగం లేచి ఉంటే, వంగి లోపలికి దూరాను. షాపు నడిపే సత్తన్న ఒక నవల మూడో భాగం నా ముందు పెట్టి, "అక్కా, ఆఖర్ల గీ రాత మీదేనా?" అన్నాడు.

నాదే. మూడు భాగాల పాటు రఘు, నీరజల ప్రేమ చదివించి, చివరికి నీరజ బస్సులో కూర్చుని ఎదురుచూస్తుండగా "బస్సు కదిలింది" అని ముగించేశాడు రచయిత. రఘు ఎక్కాడో లేదో చెప్పనే లేదు. నాకు ఒళ్లు మండింది. వెనకున్న ఖాళీ పేజీలో రఘును పరిగెత్తించి, బస్సెక్కించి, కండక్టర్ ముందే నీరజకు క్షమాపణ చెప్పించి, పెళ్లి కూడా చేసి పుస్తకం తిరిగిచ్చాను.

ఇప్పుడు పుస్తకం ఖరాబు చేశానని చీవాట్లు తప్పవనుకుంటూ తలూపాను.

"ఇన్నేండ్ల సంది గీ బుక్కు సదివినోళ్లందరు నన్నే తిట్టెటోళ్లక్కా, ఆఖరి పేజీలు చింపినవని," అన్నాడు సత్తన్న. "మీరు రాసినంక నలుగురు తీస్కపోయిన్రు. ఒక్కలు గూడ ఏమంటలేరు. ఒకామె అయితే నాలుగో భాగం ఉన్నదా అని అడిగింది."

తర్వాత బల్ల కింద నుంచి ఇంకో నవల తీసి, దాని మీద పెన్ను పెట్టి నా వైపు జరిపాడు.

"దీంట్ల గూడ పిల్లను నడిమిట్లనే ఇడిసిపెట్టిండు. జర సూడుండ్రి."

మీరు చదివిన జంటలను కూడా ఏ రచయితైనా ఇలా వదిలేసి ఉంటే కింద పేర్లు రాయండి. రేపూ బందేనట, పెళ్లిళ్లు చేసే తీరిక ఉంది.