రెండో స్టీరింగు

ఎనభైల మొదట్లో డెట్రాయిట్ దగ్గర నేను పనిచేసిన కార్ల కంపెనీలో అరవై దాటిన జర్మన్ ఒకాయన ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన ఎనిమిది చక్రాల నిఘా బండికి వెనక డ్రైవరు. శత్రువు ఎక్కడున్నాడో చూసి, బతికి వచ్చి చెప్పడం ఆయన దళం పని. అందుకని ఆ ఉక్కు బండికి ముందొక స్టీరింగు, వెనకొక స్టీరింగు. తిప్పుకునే వ్యవధి లేకపోతే వెనక డ్రైవరు తన మొహం ఎటుంటే అటే దౌడు తీయిస్తాడు.

లంచ్ టైంలో పేపర్ నాప్‌కిన్ మీద దళమంతా గీసేవాడు. మోటారు సైకిళ్ళు, ఇద్దరు పట్టే చిన్న బండ్లు, ఎనిమిది చక్రాలవి, వాటికి తోడుగా వైర్‌లెస్ బండి. గీసిన ప్రతి బండి దగ్గరా ఆగి అందులోవాళ్ళు ఎలా చచ్చారో చెప్పేవాడు. ఒకసారి తన బండిలో తుపాకీ పేల్చేవాడి తల ఎగిరిపోయి, మొండెం తన వీపు మీద పడిందట. దాన్ని మోస్తూనే ఊరు దాటించాడట. నేను శాండ్‌విచ్ తింటూ, సిగ్గు లేకుండా, ఇంకా చెప్పమనేవాణ్ణి.

నోవై అనే ఊరి దగ్గర ఒక షెడ్డులో ఆయన అలాంటి బండినే ఏళ్ళ తరబడి బాగుచేస్తున్నాడు. ఇంజన్ మళ్ళీ స్టార్టయిన శనివారం నన్నూ నా రూమ్మేటునీ పిలిచాడు. మా ఇద్దరిదీ కోస్తా జిల్లాయే, వెళ్ళేదీ ఒకే తెలుగు చర్చికి. వాడు నాకంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు, నా మాట జవదాటేవాడు కాదు.

బండి ముక్కు తలుపువైపు ఉంది. ముందు స్టీరింగు ఇంకా బిగించలేదు కాబట్టి, బండిని బయటికి తేవడానికి రూమ్మేటు వెనక సీటులో కూర్చుని, సన్నటి చీలికలోంచి షెడ్డు వెనక గోడని చూస్తున్నాడు. ఆ సీటుకి ముందంటే బండికి వెనక అని ముసలాయన మాకు రెండుసార్లు చెప్పాడు. తర్వాత ఆయిల్ కారుతోందేమో చూడ్డానికి బండి వెనక్కి వెళ్ళి కిందికి వంగాడు. నేను చూశాను. రూమ్మేటుకి ఆ చీలికలోంచి ఆయన కనపడడు. నాకు మొదట్నుంచీ ఓపిక తక్కువ. తలుపు దగ్గర నిలబడి అరిచాను.

"ముందుకి పోనీరా!"

బండి నావైపు రావాలి. వెనక గోడవైపు ఉరికింది.

ఎముకలు విరిగిన చప్పుడు ఆ ఇంజన్ రొదలో కూడా వినిపించింది. నేను వెళ్ళేసరికి ఆయన కాళ్ళు ఉక్కుకీ గోడకీ మధ్య నలిగి ఉన్నాయి. రూమ్మేటు గేరు మార్చి బండిని ఇవతలికి తెచ్చాడు. అప్పుడు రక్తం చిమ్మి నా బూట్ల మీద పడింది. బెల్టు తీసి ఆయన తొడకి బిగించి కట్టాను. ఆయన జర్మన్‌లో ఎవర్నో పిలుస్తూ నా చెయ్యి కొరికాడు.

అంబులెన్సు వెళ్ళిపోయాక గాని నేనన్న మాట నాకు గుర్తుకు రాలేదు. భయమేసింది. ఆ భయం నిమిషంలో కోపమైపోయింది. వాణ్ణి కాలరు పట్టి లాగి మూతి పగిలేలా కొట్టాను. కింద పడితే తన్నాను.

"నువ్వు ముందుకి పోనీ అన్నావు కదన్నా?"

"రానీ అన్నాన్రా! నావైపు రానీ అన్నాను. చెవులు దొబ్బాయా?"

వాడు నా మొహంలోకి చూశాడు. "అయితే నాకే సరిగ్గా వినపళ్ళేదేమో అన్నా. ఇంజన్ సౌండ్ కదా."

ఏమని చెప్పి నడిపించావని పోలీసాయన అడిగితే, నావైపు రమ్మన్నానని ఇంగ్లీషులో చెప్పాను. అక్కడ తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. వాడు అవునని తలూపాడు. ముసలాయనకి ఒక కాలు తీసేశారు.

మర్నాడు చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి వాడు వాచిన మూతితో లేచి నిలబడ్డాడు. "అన్న రానీ అంటే నేను పోనీ అనుకున్నాను. నా మూలంగా ఒక పెద్దాయన కాలు పోయింది. ప్రభువు నన్ను క్షమించేలా ప్రార్థన చెయ్యండి. అన్న నన్ను కొట్టాడని ఎవరూ ఏమీ అనుకోవద్దు" అన్నాడు.

పాస్టరుగారు ఆ ప్రార్థన నన్ను చెయ్యమన్నారు. వాడు నా ముందు మోకరించాడు. ఈ బిడ్డ తప్పు మన్నించు తండ్రీ అని, వాడి తల మీద చెయ్యి పెట్టి, కన్నీళ్ళతో ప్రార్థించాను.