మంచం కింద దూరిన లెక్కల టీచరు

నవ్వితే నవ్వండి. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా ఇదే చెప్తాను... పోయిన వానాకాలం, నందిగామలో, నాకే జరిగింది.

మా అత్తగారికి జ్వరమొస్తే చిన్న ఆసుపత్రిలో చేర్చాం. రాత్రికి తోడు నేనే. నాకు నలభై ఆరేళ్లు. లెక్కల టీచర్ని. నేను వరండాలో కనబడితే పదో తరగతి మగపిల్లలు కూడా నోళ్లు మూసుకుంటారు. కానీ సూది అంటే మాత్రం...

చిన్నప్పుడు జగ్గయ్యపేటలో నాకు కీళ్లజ్వరం. గుండెకి పాకకుండా ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్. ఆరేళ్లు! అమ్మ కాళ్లు పట్టుకునేది, నాన్న చేతులు. కాంపౌండరు గారు కిరసనాయిలు స్టవ్వు మీద, స్టీలు డబ్బాలో గాజు సిరంజి ఉడకబెట్టేవారు. గల... గల... గల... ఆ చప్పుడుకే నా గౌను తడిసేది. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది.

నందిగామ ఆసుపత్రిలో ఆ రాత్రి ఎనిమిదింటికి కరెంటు పోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. అత్తగారు మగతగా పడుకున్నారు. ఫోన్ లైటు వేయబోయాను. అప్పుడు వినిపించింది.

గల...

ఫోన్ పక్కన పెట్టేసి విన్నాను.

గల... గల...

గాజు. నీళ్లలో ఉడుకుతున్న గాజు. తర్వాత స్పిరిట్ వాసన. ఆసుపత్రిలో అది ఉండదా అంటారు. ఉంటుంది. మరి కిరసనాయిలు వాసన?

వరండాలో చెప్పులు. టప్... టప్... మా తలుపు దగ్గర ఆగాయి.

ఇక్కణ్ణుంచి చెప్పాలంటే సిగ్గుగా ఉంది. మంచం కిందికి దూరాను. బెడ్‌పాన్ పక్కన. ప్రార్థన చేద్దామంటే నోట పదిహేడో ఎక్కం వచ్చింది. పైన అత్తగారు ఏదో గొణిగారు... చెప్పులు మెల్లగా వెనక్కి వెళ్లాయి.

కరెంటు వచ్చింది. నర్సు వచ్చి వంగి చూసింది.

"మేడమ్, పేషెంటు మీరా, ఆవిడా?"

"చెవిదిద్దు పడిపోయిందమ్మా."

"రెండూ చెవులకే ఉన్నాయి కదండీ."

"ఇక్కడ స్టవ్వు మీద ఏమన్నా ఉడకబెడుతున్నారా?"

"స్టవ్వెక్కడిదండీ? నేనూ వాచ్‌మనూ ఇంతసేపూ కింద జనరేటరు దగ్గరే ఉన్నాం. పైన ఎవరూ లేరు."

ఆమె వెళ్లాక అత్తగారు కళ్లు తెరవకుండానే అన్నారు.

"వెళ్లిపోయాడులే. పైకి రా."

"ఎ... ఎవరత్తయ్యా?"

"ఎవరో ముసలాయన. ఆ పిల్లేదీ అని అడిగాడు. హైదరాబాదు బస్సెక్కింది, ఈపాటికి గరికపాడు దాటేసుంటదని చెప్పా."

ఇంజెక్షన్ల సంగతి ఆవిడకి నేనెప్పుడూ చెప్పలేదు. తెల్లారి అడిగితే ఆవిడకేమీ గుర్తులేదు. జ్వరం పలవరింత అంటారు మా ఆయన. అయ్యుండొచ్చు... కానీ అంత జ్వరంలో, నా కోసం అబద్ధమాడాలని ఆవిడకెలా తోచింది?