లెక్కకు రాని నీళ్లు

1974 జూన్‌లో విజయవాడలోని ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. పాఠం చెప్పేది లెక్చరర్. లేబొరేటరీ చూసుకుంటూ ద్రావణాలు సిద్ధం చేయించేది డిమాన్‌స్ట్రేటర్. మరుసటి మార్చిలో బీఎస్సీ ఫైనలియర్ ప్రాక్టికల్స్‌కు నన్నే ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. అప్పటికి నా ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు.

ఒక బ్యాచ్‌కు ఎస్టర్ ప్రయోగం పడింది. ఎసిటిక్ ఆమ్లాన్ని, ఆల్కహాలును సమాన మోల్స్‌గా కలిపి, కొన్ని చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి, సీసాకు బిరడా బిగించి మైనం పూస్తారు. ఒక్కరోజులో తేలే పని కాదు గనుక పరీక్షకు వారం ముందే సీసాలు నింపిస్తాం. లోపల పండ్ల వాసన వేసే ఎస్టర్, నీళ్లు పుడతాయి. పరీక్షనాడు మిగిలిన ఆమ్లమెంతో బ్యూరెట్‌తో కొలిచి, సల్ఫ్యూరిక్ ఆమ్లం వాటా తీసేయాలి. ఎస్టర్, నీళ్ల లబ్ధాన్ని మిగిలిన ఆమ్లం, ఆల్కహాలుల లబ్ధంతో భాగిస్తే సమతాస్థితి స్థిరాంకం వస్తుంది. దాదాపు నాలుగు రావాలి.

ఆ వారమంతా పన్నెండు సీసాలు కిటికీ పక్కన వరసగా ఉన్నాయి. మధ్యాహ్నం బందరు కాలువ మీది వెలుతురు లేబ్ కప్పుమీద అలలు అలలుగా ఆడేది. మైనం సందుల్లోంచి మాగిన పండ్ల వాసన లీలగా వచ్చేది. కదలిక లేనట్టు కనిపించే ఆ ద్రవంలో ఆమ్లం ఎస్టర్ అవుతూనే ఉంటుంది, ఎస్టర్ మళ్లీ ఆమ్లమవుతూనే ఉంటుంది. రెండు వేగాలూ సమానం. చర్చి ఆరాధనలో సంఘమంతా తలవంచి మౌనంగా ఉన్న నిమిషంలాగే అదీ నాకు తోచేది. సృష్టికర్త నియమించిన కట్టడ కళ్లముందు ఉందనుకుంటూ చాలాసేపు చూస్తూ ఉండిపోయేవాణ్ని.

ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గుంటూరు నుంచి వచ్చిన పెద్దాయన. పదకొండు మందికి నాలుగు వచ్చింది. సరోజిని అనే అమ్మాయికి మాత్రం రెండు పాయింట్ ఏడు. ఆమె పామర్రు నుంచి రోజూ బస్సులో వచ్చేది. కిందటేడు ప్రాక్టికల్స్ పోయాయి. ఈసారీ పోతే చదువు మాన్పించేస్తామని ఇంట్లో తేల్చి చెప్పారు.

"ఏమ్మా, లోకమంతటికీ నాలుగు వస్తుంటే మీ పామర్రుకు వేరే కెమిస్ట్రీ ఉందా?" అన్నారాయన. అందరూ నవ్వారు.

"బ్యూరెట్‌లో వచ్చిందే రాశానండి," అందామె. తల ఎత్తలేదు.

ఆయన ఎర్రసిరా కలం మూత తీశారు. నాకు హఠాత్తుగా స్టోర్ కీపర్ మాట గుర్తొచ్చింది. సీసాలు నింపే ముందురోజు సాయంత్రం, "ఆబ్సల్యూట్ ఆల్కహాలు అయిపోయిందండి. ఎక్సైజ్ పర్మిట్ ఇంకా రాలా. రెక్టిఫైడ్ స్పిరిట్ పోసెయ్యమంటారా?" అని అడిగాడు. పోసెయ్యమన్నాను. గుడ్ ఫ్రైడే ముందు మా చర్చిలో జరిగే శ్రమకాల ప్రార్థన కూటానికి వెళ్లే తొందరలో ఉన్నాను. స్పిరిట్ పోసిన పాత సీసా మీది 'ఆబ్సల్యూట్' చీటీ పొద్దున మారుద్దామనుకుని మరిచిపోయాను. ఆబ్సల్యూట్‌లో నీళ్లుండవు, ఆ స్పిరిట్‌లో నూటికి అయిదు పాళ్లు నీళ్లే.

మా సంఘంలో తప్పు చేసినవాడు అందరిముందు లేచి తన నోటితోనే చెప్పుకోవడం ఆచారం. ఎన్నోసార్లు ఇతరులు చెబుతుంటే విన్నాను. ఆ రోజు నావంతు లేబ్‌లో వచ్చింది.

"మాస్టారూ, తప్పు అమ్మాయిది కాదండి, నాది," అన్నాను.

బోర్డు మీద మళ్లీ లెక్క వేశాను. ఒక మోల్ అనుకున్న ఆల్కహాలు నిజానికి పాయింట్ తొంభై అయిదు. మొదట్లో లేవనుకున్న నీళ్లు పాయింట్ రెండు. సరోజిని కొలత ప్రకారం పాయింట్ అరవై రెండు మోల్ ఎస్టర్ అయింది. ఆ అంకెలు పెట్టి భాగిస్తే నాలుగు మీద కొంచెం వచ్చింది.

పెద్దాయన బోర్డు మీది అంకెలు ఒకసారి సరిచూశారు. తర్వాత మెల్లగా మిగతావాళ్ల వైపు తిరిగి, "మరి మీ అందరికీ నాలుగెలా వచ్చిందయ్యా?" అన్నారు.  నాలుగు రావాలంటే ఆమ్లంలో మూడింట రెండు వంతులు ఎస్టర్‌గా మారాలని వాళ్లకు తెలుసు గనుక వెనక నుంచి లెక్కగట్టి బ్యూరెట్ రీడింగు రాసుకున్నారు. సీసాల్లో మిగిలినదాన్ని ఆయన ఎదుటే మళ్లీ కొలిపించారు. పన్నెండింటికీ సరోజిని రీడింగే వచ్చింది.

ఆమె ప్యాసయింది. మిగతావాళ్లకు రెండో రీడింగుకే మార్కులు వేశారు, అవి తక్కువే. నాకు మెమో వచ్చింది. ప్రొబేషన్ ఆరునెలలు పొడిగించారు. అది న్యాయమే.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ సీసా చీటీనైనా, లోపలిది మారిన క్షణంలోనే మార్చాను. మొదట్లో ఏముందో తేల్చుకోకుండా, చివర మిగిలినదాన్ని చూసి ఎవరి లెక్కా తప్పని కొట్టెయ్యకూడదని నేర్చుకున్నాను.