రేకుకు చెరో పక్క

మా చిన్నాయన పోయాడు. మొన్న గురువారం పొద్దున చిత్తూరులోని మా షెడ్డులో పని చేస్తూ చేస్తూ కూలిపోయాడు. ఫోన్లో చిన్నమ్మ ఏడుస్తుంటే నా నోట ముందు వచ్చిన మాట, "మా నాయన ఏమన్నా చేసినాడా?" అని. "లేదు పాపా, గుండె ఆగిపోయినాది" అంది చిన్నమ్మ. మా ఇంటి సంగతి తెలియనివాళ్లకు నా ప్రశ్న దారుణంగా తోస్తుంది. తెలిసినవాళ్లు తప్పుపట్టరు.

మా తాత కార్ల రేకులు బాగుచేసే టింకరింగ్ పని చేసేవాడు. వెనక రెండు పక్కలా రెక్కలు లేచిన పాత అమెరికా కారు ఒకటి తెచ్చి, తుప్పు పట్టిన రేకంతా కోసేసి, పని సగంలో ఉండగా కన్నుమూశాడు. దాన్ని పాత ఇనుముకు వేసేద్దామన్నాడు పెద్దకొడుకైన మా నాయన. "మన నాయన చెయ్యి పెట్టిన బండి. ముట్టుకుంటే చంపేస్తా" అన్నాడు చిన్నాయన.

లారీ వచ్చిన రోజు నాయన జాకీ రాడ్డుతో చిన్నాయన ముంజేయి విరగ్గొట్టాడు. చిన్నాయన రెండో చేత్తో సుత్తి అందుకుని నాయన మోకాలు పగలగొట్టాడు. రక్తం చూసి లారీవాడు ఉత్త లారీతోనే పారిపోయాడు. ఇద్దరినీ ఒకే వ్యానులో పుత్తూరు కట్టుకు తీసుకుపోయారు. దారి పొడుగునా చిన్నాయన మంచి చేత్తో నాయన జుట్టు పట్టుకునే ఉన్నాడట. కట్టు కట్టే పెద్దాయన ఇద్దరినీ చూసి, "ఎముకలైతే అతికిస్తా గానీ అబ్బా, మిగతాది నా వల్ల కాదు" అన్నాడట.

అప్పటి నుంచి వాళ్ల మధ్య మాటల్లేవు.

చిన్నాయన కారును మాత్రం వదల్లేదు. సొట్ట తీయాలంటే రేకు వెనక ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి, ముందు నుంచి సుత్తితో కొట్టాలి. అంత పెద్ద రేకులకు ఒక మనిషి చేతులు చాలవు. పెట్టుకున్న పనివాళ్లెవరూ ఆయన దెబ్బలకు నిలవలేదు. ఒక పొద్దున నాయన కుంటుకుంటూ వెళ్లి, పిలవకుండానే, దిమ్మె పట్టుకుని రేకు వెనక కూర్చున్నాడు. చిన్నాయన సుత్తి ఎత్తి, చెవులు చిల్లులు పడేలా కొట్టడం మొదలుపెట్టాడు.

అలా ఏళ్లు గడిచాయి. మధ్యలో ఆ రేకు లేకుంటే ఇద్దరిలో ఒకరు ఏనాడో పోయేవారు. నాయన ఇంటికొచ్చి, చేతులు వణికి అన్నం కలుపుకోలేకపోయేవాడు. "మీ తమ్మునికి ఈ పొద్దు కోపం జాస్తిగా ఉండాదే" అని దెప్పుతూ అమ్మే కలిపి పెట్టేది. చిన్నాయనేమో నాతో అనేవాడు: "వెనక పట్టేవాడు గట్టోడైతేనే పాపా, దెబ్బకు విలువ." ఆ మాట చేరవేస్తే నాయన "వాని మొగం!" అని, లోపలికి పోయి మొహం కడుక్కునేవాడు.

నాకు మాత్రం చిన్నాయన కొండంత అండ. బస్టాండులో నా వెంటపడినవాడి సైకిలును సుత్తితో అప్పడం చేసి, వాడి వాకిట్లోనే పెట్టి వచ్చాడు. ఆ తర్వాత ఊళ్లో నేను ఎవరికీ భయపడలేదు. అది ఆయన పెట్టిన భిక్షే.

కారు తయారై మొదటిసారి కదిలిన రోజు స్టీరింగు ఎవరు పట్టాలని పంతం. నోటితో అడగరు కదా, ఇద్దరూ ముందు సీట్లో ఇరుక్కుని చెరో పక్కకు లాగారు. కారు గేటు దాటకుండానే గోడను గుద్దింది. గోడ కూలింది, ముందు రేకు నుజ్జయింది, చిన్నాయన పెదవి చీలింది. మేము పరుగెత్తుకెళ్లేసరికి ఆయన రక్తం ఉమ్ముతూ నవ్వుతున్నాడు. నాయన కూడా నవ్వాడు, మొహం అటు తిప్పుకుని.

మర్నాడు మళ్లీ రేకుకు చెరో పక్క కూర్చున్నారు. ఆ రేకు కొడుతుండగానే మొన్న సుత్తి ఆగింది. అవతల దిమ్మె పట్టుకున్న నాయన, తర్వాతి దెబ్బ కోసం చాలాసేపు అలాగే కాచుకున్నాడట.

పాడె ఎత్తే ముందు నాయన జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. వంగి, తమ్ముడి చెంప మీద ఫెడేలున కొట్టాడు. "తిరిగి కొట్టరా! కొట్టవేమిరా!" అని అరిచాడు. ఇన్నేళ్లకు ఆయనతో అన్న మొదటి మాట అదే. నలుగురు పట్టుకుని లాగినా కదల్లేదు. పక్కకు తిరిగిపోయిన చిన్నాయన తలను చిన్నమ్మ మెల్లగా సరిచేస్తుంటే, నాయన తన చెంప ముందుకు చాపి, కళ్లు మూసుకుని, అలాగే వంగి ఉన్నాడు.