దుప్పటి కింద కూర్చున్న రోజు

మా అమ్మాయి మొన్న ఫోన్‌లో పాత ఇంగ్లండు ఫోటోలు చూపించింది. విక్టోరియా రాణి కాలం నాటివి. ఒక్కోదానిలో ఒక్కో పసిబిడ్డ, పొడుగు గౌను తొడుక్కుని, కళ్లింత చేసుకుని కూర్చుని ఉంది. కాస్త పరీక్షగా చూస్తే ఆ బిడ్డ కూర్చున్నది కుర్చీలో కాదు. కర్టెనో తివాచీయో కప్పుకున్న మనిషి ఒళ్లో. ఆనాటి కెమెరాలో బొమ్మ పడాలంటే చాలాసేపు కదలకుండా ఉండాలట. పిల్లలు ఉంటారా? అందుకని తల్లికి ముసుగేసి, బిడ్డను ఆమె ఒళ్లో పెట్టి తీసేవాళ్లట.

"పాపం కదమ్మా, తల్లుల్ని లేకుండా చేసినారు" అంది.

నాకు పాపం అనిపించలేదు. నడుము నొప్పి గుర్తొచ్చింది. నేనూ అలాగే కూర్చున్నాను, సౌదీలోని జెద్దాలో, షరఫియా బజారులోని ఒక ఫోటో స్టూడియోలో. నా ఒళ్లోని బిడ్డ ఇదే.

గల్ఫ్ యుద్ధం మొదలైన రోజులవి. మాది కడప వైపు. మా ఆయన జెద్దాలో ఒక కంపెనీలో ఏసీ మెకానిక్కు. అమ్మాయి అక్కడే పుట్టింది, ఇంకా మెడ నిలపలేదు. బాంబులు రియాద్ మీద పడుతున్నాయి. జెద్దా దాకా రావని కొందరు, వస్తాయని కొందరు. కిటికీలకు టేపు అంటించాం. నీళ్ల డబ్బాలు, బియ్యం మూట తెచ్చి మంచం కింద పెట్టుకున్నాం. పడని బాంబు కోసం ఎదురుచూడటం ఎంత అలుపో పడ్డవాళ్లకే తెలుస్తుంది. బిడ్డ నిద్రపోయినా నాకు నిద్ర పట్టేది కాదు.

"మీరిద్దరూ ఊరికి పోండి. సద్దుమణిగినాక మళ్లా పిలిపిచ్చుకుంటా" అన్నాడు మా ఆయన.

"ఏంటికి? ఉంటే ముగ్గురం ఈడనే ఉంటాం" అన్నాను.

కంపెనీలో తక్కినవాళ్లంతా పెళ్లాం పిల్లలను పంపించేస్తున్నారు. ఆయనా పంపాలి, అంతే. నేను పోనంటే పోననే దాన్నే, కానీ రోజూ వాదించే ఓపిక లేకపోయింది.

పోవాలంటే బిడ్డకు పాస్‌పోర్టు కావాలి. పాస్‌పోర్టుకు ఫోటో కావాలి. మొదటిసారి మా ఆయన పక్కనుంచి పట్టుకుంటే చెవి దగ్గర ఆయన వేళ్లు పడ్డాయి. కాన్సులేట్‌లో వద్దన్నారు. రెండోసారి మంచం మీద పడుకోబెట్టి తీయిస్తే కళ్లు మూసుకుంది. అదీ వద్దన్నారు. కళ్లు తెరిస్తే ఏడుస్తుంది, ఏడిస్తే నోరు తెరుస్తుంది, నోరు తెరిచిన ఫోటో కూడా పనికిరాదట. రాజుల పిల్లకు కూడా ఇన్ని వంకలు పెట్టరనుకున్నాను.

మూడోసారికి షరఫియా వెళ్లాం. స్టూడియో ఆయన హైదరాబాదు మనిషి, పెద్దాయన. బురఖాలాంటి నా నల్ల అబాయా చూసి తల అడ్డంగా ఊపాడు. వెనక అంతా తెల్లగా ఉండాలి. లోపలికి పోయి తెల్ల దుప్పటి తెచ్చాడు.

"చెల్లె, ఇది నిండ కప్పుకొని కూసో. పిల్లను చద్దర్ మీదికెల్లి పట్టుకో. జర కూడ కదలొద్దు."

కూర్చున్నాను. దుప్పటికి సబ్బు వాసన. లైట్ల వేడికి చెమట మెడ మీంచి కారుతోంది. గుడ్డ మీదుగా ఒక చేత్తో బిడ్డ పక్కటెముకలు, ఇంకో చేత్తో తల వెనక భాగం పట్టుకున్నాను. నాకేమీ కనపడటం లేదు. బిడ్డ అటు చూడాలని కెమెరా పక్కన నిలబడి మా ఆయన తాళాల గుత్తి ఆడిస్తున్న చప్పుడు వినపడుతోంది.

ఆ ఇంగ్లండు తల్లులు ముసుగు కింద ఏమనుకున్నారో నాకు తెలియదు. నాకు మాత్రం ఒక్కసారిగా తట్టింది, ఇదంతా నా చేతిలోనే ఉందని. మోకాలు కాస్త కదిపితే చాలు, ఫోటో పాడవుతుంది. కాన్సులేట్‌కు సెలవులొస్తాయి. ఇంకో వారం జరుగుతుంది. అలిసిపోయిన ఆడమనిషి మోకాలు వణికితే ఎవరు తప్పుపడతారు? ఆ వారంలో ఆయన మనసు మారొచ్చు. నాకు వెళ్లాలని లేదు, ఆయన్ని ఒక్కణ్నీ అక్కడ వదలాలని అసలే లేదు.

అంతలో తాళాల చప్పుడు ఆగిపోయింది.

ఆయన చెయ్యి కూడా అలిసిపోయింది పాపం అనుకున్నాను. పగలంతా పని, రాత్రంతా రేడియోలో యుద్ధం వార్తలు. ఈ మనిషిని ఇంకా ఏడిపించడం ఎందుకనిపించి ఊపిరి బిగబట్టాను. స్టూడియో ఆయన నాలుకతో టక్కున చప్పుడు చేశాడు, కెమెరా నొక్కాడు. ఫోటో ఎక్కడా మసక లేకుండా వచ్చింది.

పాస్‌పోర్టు వచ్చింది. మళ్లీ రావడానికి వీలుండే రీ-ఎంట్రీ వీసా కొట్టించుకుని నేనూ బిడ్డా వచ్చేశాం. మేము ఊరు చేరిన కొద్ది రోజులకే యుద్ధం అయిపోయింది. కంపెనీ మా ఆయన్ని ఎక్కడో దూరాన ఉన్న నజ్రాన్ పంపింది, అక్కడ మగవాళ్ల క్యాంపే తప్ప సంసారాలకు చోటు లేదు. వీసా గడువు దాటిపోయింది. మళ్లీ ఫ్యామిలీ వీసా కోసం కఫీల్‌ను, అంటే వీసా ఇప్పించే యజమానిని, అడిగినప్పుడల్లా బుక్రా అన్నాడట, అంటే రేపని. ఆ రేపు రాలేదు. ఆయన పూర్తిగా తిరిగొచ్చేసరికి అమ్మాయి కాలేజీకి వెళ్తోంది. తండ్రీకూతుళ్లు ఈనాటికీ అతిథుల్లా మాట్లాడుకుంటారు.

మొన్న ఆ ఫోటోలు చూశాక, అన్నం తింటున్న ఆయనతో మెల్లిగా అన్నాను. "ఆ పొద్దు దుప్పటి కింద కదులుదామనుకున్నా. నువ్వు తాళాలు ఆపేసరికి, అలిసిపోయినావని ఊరుకున్నా."

ముద్ద కలపడం ఆపాడు.

"అలిసిపోయి కాదు. పిల్ల కెమెరా దిక్కు సూసె. ఇంగా ఆడిస్తే సూపు తిప్పుతాది, ఫోటో పాడైతాదని ఆపినా."

"ఉండిపోతామని నేను చెప్తిని గదా. నువ్వూ ఉండమని ఒక మాట అనాల్సింది."

"అందరూ పంపిస్తాంటే, నేను పెండ్లాన్ని పంపలేనని యా నోటితో చెప్పేది?"

కోపం రావాల్సిన మాట. ఇన్నేళ్ల తర్వాత తెచ్చుకుందామన్నా రాలేదు. మజ్జిగ పొయ్యమన్నాడు, పోశాను.