పొడి వేయని సీసా

మా ల్యాబ్ అటెండర్, మేమంతా బాబాయి అని పిలిచే పెద్దాయన, మొన్న మంగళవారం పోయారు. బాపట్లలో మా రీసెర్చ్ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఆ కబురు రెండు సర్క్యులర్ల మధ్య వచ్చింది. అలవాటు కొద్దీ ఇద్దరు ‘నోటెడ్’ అని పెట్టారు. అందులో ఒకడిని నేను.

వరి ఊక బూడిదకు ఇనుప ఆక్సైడ్ నానో రేణువులు పట్టించి, మురుగునీటిలోని లెడ్‌ని లాగేసే నల్లపొడి తయారుచేయడం నా పరిశోధన. దాని శాస్త్రీయ నామం ఒక్క ఊపిరిలో చెప్పగలిగినందుకే పీహెచ్‌డీ ఇచ్చేయాలని నా మనవి. బాబాయికి మాత్రం అది కాటుక. రోజూ ల్యాబ్ తాళం తీస్తూ, "ఏంటి బాబూ, కాటుక ఏమంటోంది?" అని అడిగేవారు. నాలుగేళ్లు కాటుక ఏమీ అనలేదు.

చివరికి అంది. తెనాలిలో పాత బ్యాటరీలు విప్పే షాపు నుంచి నీళ్లు తెచ్చి, ఆసిడ్ విరగడానికి సోడా కలిపి, పొడి వేశాం. మిషన్‌లో చూస్తే లెడ్ దాదాపు మాయం. షాపాయనకి అప్పుడే ఫోన్ చేశాను: పొడి ఇస్తాను, ఇక ఆ నీళ్లు డ్రముల్లో దాచక్కర్లేదు, కాలువలోకి వదిలేయొచ్చని.

ఆ సాయంత్రం బాబాయి ఒక సీసా తెచ్చి బల్ల మీద పెట్టారు.

"ఇందులో పొడి వేయలేదు బాబూ. సోడా ఒక్కటే. దీన్నీ చూడు."

చూశాను. అందులోనూ లెడ్ మాయం.

"సీసాలు మారిపోయుంటాయి బాబాయ్."

"ఇన్నేళ్లుగా సీసాలే కదా కడిగేది. అడుగున తెల్లగా పేరుకుంది చూడు. లెడ్ సోడాకే కిందికి దిగిపోయింది. నీ కాటుక పక్కన నిలబడి ఫొటో దిగింది."

పోల్చి చూడ్డానికి పొడి లేని సీసా ఒకటి పక్కన పెట్టుకోవాలని డిగ్రీ పిల్లలకు పాఠం చెప్పేది నేనే.

"పది రోజుల్లో థీసిస్ ఇవ్వాలి. ఈ సంగతి ఎవరికీ చెప్పకండి," అన్నాను.

"నన్నడిగేదెవరులే. కానీ మ్యాగ్నెట్ పెట్టి నీ పొడి తీసేస్తారు. ఆ తెల్లది ఎవరు తీస్తారు? మాది భట్టిప్రోలు. ఆ కాలువ మా చేల మీదుగానే పోతుంది."

షాపాయనకి మళ్లీ ఫోన్ చేశాను, నీళ్లు వదలొద్దని. తర్వాత మా గైడ్‌కి చెప్పాను. మళ్లీ ఏడాది పని. సోడా తగ్గించి, లెడ్ నీళ్లలో కరిగి ఉండగానే పొడి వేసి చూశాం. బాబాయి మీద కోపం మూడు నెలలుంది. తర్వాత పోయింది. ఆ మాట ఆయనకు చెప్పడం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను.

చివరిసారి తెనాలి నుంచి రేపల్లె వెళ్లే బస్సులో కలిశారు.

"ఎంతొచ్చింది?"

"లెడ్ సగం పోతోంది బాబాయ్."

"మిగతా సగం?"

"నీళ్లల్లోనే ఉంది."

"అలాగే రాయి," అన్నారు. కాసేపటికి కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. గతుకు వచ్చినప్పుడల్లా తల అద్దానికి తగులుతోంది. అయినా భట్టిప్రోలు దాకా మెలకువ రాలేదు. బయట కాలువ బస్సు పక్కనే ఎండకి మెరుస్తూ వస్తోంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంది.