పక్క సీట్లో కళ్ళు మూసుకున్న మల్లేశన్న

వరసగా మూడు ప్రమాదాలు చేయడంతో నా లారీ డ్రైవరు ఉద్యోగం పోయింది. ఏడాది తర్వాత నాచారంలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసువాళ్ళు ట్రయల్‌కు రమ్మన్నారు. నన్ను పరీక్షించాల్సిన సీనియర్ డ్రైవరు మల్లేశన్న, లారీ కదలగానే పక్క సీట్లో కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడా? నామీద అంత నమ్మకమా? అర్థం కాలేదు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర ఒక స్కూటరు అడ్డంగా దూసుకొచ్చింది. నెమ్మదిగా వస్తున్నాను కాబట్టి కుదుపు లేకుండా ఆపగలిగాను. అప్పుడూ ఆయన కళ్ళు తెరవలేదు.

ఆఫీసుకు తిరిగొచ్చాక ఉండబట్టలేక అడిగాను. "పండుకున్నవా అన్నా?"

"లే తమ్మీ. కండ్లు తెరిస్తే రోడ్డును సూస్త. మూస్తే నీ కాలు బ్రేకు మీద ఎట్ల పడ్తదో నా ఒంటికి ఎర్కైతది. రేపట్నుంచి డ్యూటీకి రా."

పక్కన కూర్చున్న మనిషికి నా డ్రైవింగు ఎలా ఉంటుందని నేను అంతవరకు ఒక్కసారీ ఆలోచించలేదు.